చేతులు కట్టేసుకుని బంతాడే ఊరు

అనకాపల్లి వెళ్లొచ్చానంటే మా తెనాలిలో ఎవరైనా ముందు అడిగేది, "బెల్లం తెచ్చావా?" అనే. తెచ్చాను, రెండు దిమ్మలు. ముక్కలు కొట్టి వీధి వీధంతా పంచాను కూడా. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నేను మాత్రం ఇంతవరకు ఒక పలుకు కూడా నోట్లో వేసుకోలేదు. షుగరా అని అడిగారు కొందరు. షుగరూ లేదు, బీపీ లేదు. అటువైపు వెళ్లనివాళ్లకి ఇది ఒక్క మాటలో చెప్పే సంగతి కాదు గనక కూర్చుని రాస్తున్నాను.

ముందు నా గురించి రెండు ముక్కలు. నేను హైస్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఫుట్‌బాల్ రెఫరీ పరీక్ష పాసై జిల్లా ఆటలకి చాలా ఏళ్లు విజిల్ వేశాను. "మగపిల్లల ఆటకి ఆడమనిషి విజిలేమిటి?" అన్న పెద్దమనుషుల్ని ఇద్దర్ని గ్రౌండు బయటికి పంపించాను కూడా. గోలంటే గోలు, ఫౌలంటే ఫౌలు. నా కంటికి అడ్డం వచ్చినవాడు దేవుడి తమ్ముడైనా వినను. నా కోపం సంగతి మా ఇంట్లో పప్పుగుత్తిని అడిగినా చెబుతుంది.

2009 నవంబరులో ఫ్రాన్స్ ఆటగాడు చేత్తో బంతి ఆపి, పక్కవాడికి అందించి గోలు వేయించాడు. రెఫరీ చూడలేదు. ఐర్లండ్ వాళ్లు ప్రపంచకప్పు మాట మరిచిపోయి ఇంటికి పోయారు. మర్నాడు పేపర్లో ఆ ఫొటో చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో ఉండగానే అనకాపల్లి నుంచి రత్నం ఫోను చేసింది. ట్రైనింగులో ఇద్దరం ఒకే హాస్టలు గదిలో ఉన్నాం. మేరీరత్నం దాని పూర్తి పేరు.

"చూసేవేటే ఆ గోలు?" అంది.

చూశానన్నాను. "మా ఊరి ఆటకి విజిల్ వెయ్యాల. మా తమ్ముడు డేనియేలు ఈ ఏడుతో తీర్పుకి కూర్చోనంటన్నాడు. మా ఆయనా, ఆడూ మాటాడుకుని ఇరవై ఏళ్లు దాటిపోయింది. ఈ క్రిస్మస్‌కైనా ఇద్దరూ ఒక చాప మీద కూర్చుంటే సూడాలని ఉన్నాదే" అంది. దాని గొంతు వణికింది. హాస్టల్లో పాము వస్తే చీపురుతో కొట్టి చంపిన మనిషి అది. ఆ గొంతు వణకడం నేనెప్పుడూ వినలేదు. వస్తానన్నాను.

అనకాపల్లిలో

డిసెంబరులో ఒక పొద్దున రైలు దిగేసరికి స్టేషను బయట పొగమంచు. ఆ మంచులో తియ్యటి వాసన. మా వైపు రైలు దిగితే మిరపకాయ ఘాటు ముక్కుకి తగులుతుంది. ఇక్కడ గాలే పాకం పట్టినట్టుంది. ఆటో అతను ముప్ఫై అడిగాడు. ఇరవై అన్నాను. "బెల్లం ఊరికి వచ్చి అంత సేదుగా మాటాడతారేటమ్మా" అన్నాడు. ఆ మాటకి ముప్ఫై ఇచ్చేశాను.

రత్నం ఇంట్లో భోజనం గురించి చెప్పకపోతే పాపం వస్తుంది. ఆవ పెట్టిన కంద కూర, మెంతి పులుసు. మేము ఆవకాయలో తప్ప ఆవని లెక్కచెయ్యం. ఇక్కడ ప్రతి కూరలోనూ అది ముక్కు పట్టుకుని మాట్లాడుతుంది. పులుసులో బెల్లం ముక్క పడితే గానీ వీళ్లకి ముద్ద దిగదు. కానీ రత్నం పులుసు రెండు గిన్నెల్లో తెచ్చింది. ఒకటి మాకు, ఒకటి వాళ్లాయనకి. ఆయన గిన్నెలో బెల్లం వెయ్యలేదు.

వాళ్లాయన ప్రకాశంగారు. బాగా పొడగరి, తలుపు దాటేటప్పుడు తల వంచుకుంటారు. బెల్లం మార్కెట్టులో ఒక వ్యాపారి దగ్గర సరుకు నాణ్యం చూసే పని ఆయనది. నన్ను "చెల్లెమ్మా" అని పిలిచి కుర్చీ వేశారు.

భోజనాలయ్యాక టీవీలో వార్తలు పెట్టింది రత్నం. ఫ్రాన్స్ గోలు మళ్లీ చూపిస్తామని చెబుతున్నారు. బంతి గాల్లోకి లేచింది. ఆటగాడి చెయ్యి కదిలింది. అంతే, కరెంటు పోయింది. పట్టపగలు, గది మసకేసింది.

"ఎప్పుడూ ఇంతే" అన్నారు ప్రకాశంగారు. అని, చెప్పులేసుకుని మార్కెట్టుకి వెళ్లిపోయారు.

అప్పుడు రత్నం పాత సంగతి చెప్పింది. వాళ్ల పుట్టిల్లు కె. కోటపాడు వైపు ఒక పల్లె. ఊరి పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. మిషను బడి ఉన్న రోజుల నుంచి ఆ ఊళ్లో ఫుట్‌బాలు ఆడతారు. పెళ్లయ్యాక ప్రకాశంగారు కూడా ఆ ఊళ్లోనే ఉండి, బావమరిదితో కలిసి చెరకు గానుగ ఆడించేవారు. జట్టుకి ఆయన గోలీ, అంటే గోల్‌కీపరు. డేనియేలు పొట్టివాడు, కానీ ఎగిరి తలతో గోల్స్ కొట్టేవాడు. "పొట్టోడు తలతో ఏటి కొడతాడు, అదృష్టం కొద్దీ తగుల్తాది" అని బావ ఏడిపించేవారు. ఇద్దరికీ అదో సరదా.

మెక్సికోలో ప్రపంచకప్పు జరిగిన ఏడాది, అర్జెంటీనాకీ ఇంగ్లండుకీ పడ్డ ఆట ఊరంతా రత్నం ఇంట్లో నలుపు తెలుపు టీవీలో చూశారు. అర్జెంటీనా పొట్టివాడు గోలీ మీదకి ఎగిరాడు, బంతి గోల్లో పడింది. లోకమంతటికీ తెలిసిన గోలు అది. తలా, చెయ్యా? ఆ టీవీలో బొమ్మ చీమలు పాకినట్టుండేది. ప్రకాశంగారు చెయ్యన్నారు. డేనియేలు తలన్నాడు. పేపర్లో చెయ్యే అని పడితే, "నా కళ్లకన్నా పేపరు గొప్పదా?" అన్నాడు. ఊరు రెండుగా చీలింది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఒక ఊళ్లో ఇద్దరు మొండివాళ్లుంటే ఇక రాజుకి పనేముంది. ఆఖరికి కోత పండుగనాడు చర్చిలో, అక్కడివాళ్లు గుడి అనే అంటారు, సంఘం ముందు, డేనియేలు బైబిలు మీద కుడిచెయ్యి వేసి, "తలే. అబద్ధమైతే ఈ సెయ్యి నాది కాదు" అని ప్రమాణం చేశాడు.

చెరకు గానుగలు మొదలైన కొత్తలోనే ఆ చెయ్యి గానుగలో పడింది.

రత్నం పులుసు గిన్నె కడుగుతూ చెప్పింది ఈ మాట.

బెల్లం తినని మనిషి

సాయంత్రం మార్కెట్టు చూడాలని వెళ్లాను. అంత బెల్లం ఒకచోట నేనెన్నడూ చూడలేదు. వరసలు వరసలుగా దిమ్మలు. తేనె రంగు, ఇటుక రంగు, నల్లటివి. కందిరీగలు తిరుగుతుంటాయి, ఎవర్నీ కుట్టవు. వాటికి మనుషులతో పనేముంది పాపం.

ప్రకాశంగారు ఒక దిమ్మ దగ్గర కూర్చుని అంచు గిల్లి, వేళ్లతో నలిపి, వాసన చూసి పక్కన పెడుతున్నారు. మిగతావాళ్లు చిటికెడు నోట్లో వేసుకుంటున్నారు. ఈయన వేసుకోరు. నా నోరు ఊరుకోదు గదా, అడిగేశాను. "బెల్లం పనిలో ఉండి బెల్లం తినరేమిటి అన్నయ్యగారూ?"

ఆయన వేళ్లు గోనెకి తుడుచుకున్నారు. నన్ను ఒక పక్కకి, ఖాళీ గోనెల మీదకి తీసుకెళ్లి కూర్చోబెట్టారు.

"రత్నం చెప్పుంటాది. సగమే దానికి తెల్సు" అన్నారు. "ఈ మార్కెట్టు వీధిలో పాత పుస్తకాల కొట్టుండేది చెల్లెమ్మా. అక్కడ ఓ ఆటల పుస్తకంలో ఆ గోలు ఫొటో దొరికింది నాకు. రంగుల్లో. బంతి మీద సెయ్యి. ఎంత సక్కగా కనపడతాదో! సైకిలు తొక్కుకుంటా గానుగ కాడికి పోయేను. ఆడు చెరకు పెడతన్నాడు. ఇంజను ఆడతాంది. ఆగలేకపోయేను. ఆడి మొకం ముందు పెట్టేను ఆ పుస్తకం. సూడు బావా, సూడు, అని అరిసేను. ఆడు మొకం తిప్పేసుకున్నాడు. సెయ్యి మాత్రం చెరకుతో పాటు ఎల్లిపోనాది."

ఎవరో దిమ్మలు లెక్కపెడుతూ కేకలేస్తున్నారు. ఆయన ఆగి, ఆ కేకలు దాటాక అన్నారు: "దేవుడు తీసేడంటారు ఊళ్లో. దేవుడు కాదు, నాను. ఎవరికీ సెప్పలేదు. రత్నానికి తమ్ముడు ఆడు. ఎలా సెప్పను?"

"మరి బెల్లం?"

"ఆడిని ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తేం. ఆ గానుగ రసం పెనంలో ఉడుకుతాంది అప్పటికే. పారబోసేరన్నారు అందరూ. పారబోసింది నాను సూడలేదు చెల్లెమ్మా. ఆ వారం మా ఊరి బెల్లం ఈ మార్కెట్టుకి వచ్చింది."

ఆయన లేచి మళ్లీ దిమ్మల దగ్గరికి వెళ్లారు. నాకు ఆ మార్కెట్టులో ఇంకొక నిమిషం నిలబడాలనిపించలేదు. వ్యాపారి ఎవరో మర్యాదకి ఒక ముక్క చేతిలో పెడితే, కొంగున కట్టుకుని బయటికి వచ్చి ఆవుకి పెట్టాను. ఆవు తినలేదు. దాని కడుపు నిండి ఉంటుంది, అంతే. అయినా రాస్తున్నాను.

పొగమంచులో ఊరు

మర్నాడు రత్నంతో కలిసి కోటపాడు బస్సెక్కి, దారిలో దిగి నడిచాం. పొద్దెక్కినా మంచు విడవలేదు. చెరకుతోటల మధ్య బండిదారి. ముందు నడిచే రత్నం చీర అంచు తప్ప ఏమీ కనబడదు. ఎదురొచ్చిన ఆడవాళ్లు "వచ్చేవా అక్కా" అని పలకరించి, మంచులో కలిసిపోయారు.

ఊళ్లో ఇంటింటికీ రంగు కాగితం నక్షత్రాలు వేలాడుతున్నాయి. ఆ దారిలోనే ఒక రేకుల షెడ్డు. తలుపుకి తుప్పు పట్టిన తాళం. "మా గానుగ" అంది రత్నం ఆగకుండా. "ఇంజనూ రోలర్లూ అప్పుడే అమ్మేసేం. లోపల ఏటీ లేదు." అడగకుండానే ఎందుకు చెప్పిందో అప్పుడు అర్థం కాలేదు.

డేనియేలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తెల్లజుట్టు, నవ్వు మొహం, నా భుజం దాకా ఉంటాడు. కుడివైపు చొక్కా చెయ్యి ఖాళీగా, ఇస్త్రీ చేసి మరీ ఉంది. "రా అమ్మా, టీచరమ్మా. విజిల్ తెచ్చేవా?" అని ఎడంచేత్తో నమస్కారం పెట్టబోయి, సగంలో ఆగి, తల వంచాడు. వాళ్ల ఇంట్లో చోడి అంబలి ఇచ్చారు. మా వైపు దాన్ని రాగిజావ అంటాం, జబ్బుపడితే తాగుతాం. ఇక్కడ పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని గిన్నెడు తాగి పొలానికి పోతారు. నేనూ గిన్నెడు తాగాను. నడుం వాల్చిందే తడవు నిద్ర పట్టేసింది.

లేచేసరికి నా కుడిచెయ్యి లేదు.

నిజంగానే అలా అనిపించింది. ఎత్తబోతే రాదు, గిల్లుకుంటే తెలియదు. నా పక్కన మంచం మీద ఎవరిదో చెయ్యి పడుకున్నట్టుంది. కెవ్వుమన్నాను. రత్నం పరిగెత్తుకొచ్చి రుద్దింది, తిమ్మిరి వదిలింది. చెయ్యి ఒంటి కింద పెట్టుకుని పడుకుంటే ఎవరికైనా తిమ్మిరెక్కుతుంది. డ్రిల్ టీచరుకి ఆమాత్రం తెలియదా? తెలుసు. కానీ రత్నం నవ్వలేదు. "ఈ ఇంట్లో కొత్తవోళ్లకి అలాగే అవుద్ది" అంది.

చప్పుడు లేని గోలు

సాయంత్రం ఆటకి తీసుకెళ్లారు. గుడి వెనక మైదానం. చుట్టూ చెరకు. బెల్లం పొయ్యిల పొగ నేలబారున పరుచుకుని, ఆటగాళ్లని మోకాళ్ల దాకా కనిపించకుండా చేసింది. పెళ్లీడు కుర్రాళ్లు, పిల్లల తండ్రులు, రెండు జట్లు.

అందరి చేతులూ వెనక్కి విరిచి పురికొసతో కట్టేసి ఉన్నాయి.

గోలీలకి మాత్రం విడిగా ఉన్నాయి. మిగతావాళ్లు చేతులు లేని మనుషుల్లా పరిగెడుతున్నారు. పడితే పక్కకి దొర్లి, మోకాలి మీద లేస్తున్నారు. అరుపుల్లేవు. బంతి చప్పుడు, ఊపిరి చప్పుడు. నేను వందల ఆటలు చూశాను. చూస్తుంటే భయం వేసిన ఆట ఇదొక్కటే.

గోలు పడింది. ఒక్కడు కూడా కేక వెయ్యలేదు. ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కొట్టినవాడు నడుచుకుంటూ గట్టు మీద కూర్చున్న డేనియేలు ముందుకి వెళ్లి నిలబడ్డాడు.

"తగిలిందేటి?" అన్నాడు డేనియేలు.

"తగల్లేదయ్యా."

డేనియేలు ఎడంచేత్తో తన ఖాళీ చొక్కా చేతిని పట్టుకుని పైకెత్తాడు. అదీ గోలు. అప్పుడు గానీ ఆట కదల్లేదు.

నాకు పట్టలేక రత్నాన్ని గిల్లాను. "చేతులు కట్టేసి ఉంటే ఇంక తగలడమేమిటే? ఏ రూలు పుస్తకంలో ఉంది ఇది?"

"డేనియేలు సెయ్యి పోయిన కాడి నుంచి ఇదే ఆట. కట్టు సడల్తాది గదా. మోచెయ్యి ఉన్నాది, భుజం ఉన్నాది. అడగాల" అంది. "ఆ సొక్కా సెయ్యి ముందు ఇప్పటిదాకా ఎవడూ అబద్ధం ఆడలేదే. తగిలిందని ఒప్పుకుంటే గోలు పోద్ది, ఆట అక్కడి నుంచి మళ్లీ మొదలు. పొలం తగువులొచ్చినా ఇక్కడికే తెచ్చి నిలబెడతన్నారు మనుసుల్ని."

రెండో గోలుకి మళ్లీ అందరూ ఆగిపోయినప్పుడు వినబడింది నాకు. గానుగ షెడ్డు వైపు నుంచి, గర్ర్... గర్ర్... మని. ఇనుము మీద ఇనుము నెమ్మదిగా తిరిగినట్టు. రేకు గాలికి కదులుతోందనుకున్నాను. కానీ నేల మీది పొగ కూడా పరుచుకున్నచోటే ఉంది. ఆకు కదలడం లేదు. రత్నం మొహం చూశాను. అది కళ్లు మూసుకుని ఉంది. ఆటగాళ్లు తలలు వంచుకుని ఉన్నారు. ఎవరూ అటు చూడలేదు. కొట్టినవాడు "తగల్లేదయ్యా" అన్నాక ఆ చప్పుడు ఆగింది.

చిన్న సమాధి

ఆట అయ్యాక డేనియేలు నన్ను మైదానం మూలకి తీసుకెళ్లాడు. సున్నం వేసిన చిన్న సమాధి, నెలల పిల్లని పెట్టేంత. మీద జానెడు సిలువ. పేరు లేదు.

"నా సెయ్యే" అన్నాడు. "పాస్టరుగారు ప్రార్థన సేసి పెట్టేరు. మిగతాది నాను పోయేక పక్కన పెడతారు."

అంత మామూలుగా చెప్పాడు. ఏదో ఒకటి చెప్పాలి గదా. రత్నం నోట ఈ సంగతి విన్నప్పటి నుంచి ఈ మనిషికి చెప్పాలనుకున్న మాట ఒకటుంది, అది చెప్పాను. "చూడు డేనియేలూ, ఆ రోజు గ్రౌండులో ఉన్న రెఫరీకి కూడా తలే కనబడింది. అంత దగ్గర నుంచి చూసి గోలిచ్చాడు. నువ్వు చీమల టీవీలో చూసి తలన్నావు. పొరపాటు పడ్డం వేరు, దొంగ ప్రమాణం వేరు. పొరపాటుకి దేవుడు చేతులు తీస్తే మా రెఫరీల్లో ఒక్కడికీ చేతులుండవు."

అతను నవ్వాడు. చాలా మంచి నవ్వు. ఆ నవ్వుతోనే అన్నాడు: "నాను సూసేనమ్మా."

"ఏమిటి?"

"సెయ్యే. అప్పుడే సూసేను. పొట్టోడు తలతో కొట్టగలడని బావ ఒక్కసారి ఒప్పుకోవాలని... అంతే. తెలిసే బైబిలు మీద సెయ్యేసేను." ఖాళీ చొక్కా చేతిని మడత సరిచేసుకున్నాడు. "అందర్నీ తగిలిందేటి అని నానడుగుతాను. నన్నెవరూ అడగరు. ఆ ఫ్రాన్సు వోడి గోలు సూసేక ఇంక కూర్చోలేకపోతన్నాను. ఆడు కూడా ఒప్పుకున్నాడంట గదా."

గుడిలో పంచే ప్రభు భోజనం, ఆ రొట్టె ముక్క, కూడా తీసుకోడట. పాస్టర్లు మారినప్పుడల్లా బతిమాలారు. "కుడిసెయ్యి లేదు, ఎడంచేత్తో ఎలా తీసుకుంటాను?" అని గుమ్మం దగ్గరే కూర్చుంటాడు. ఎడంచెయ్యి అయినా ఫరవాలేదని పాస్టర్లంటే, నాకు ఫరవా ఉన్నాది అంటాడు. అసలు కారణం మాత్రం ఇది. దొంగ ప్రమాణానికి దేవుడే చెయ్యి తీసుకున్నాక ఆయన ముందుకి ఎలా వెళ్లడమని.

బావ మీద కోపం లేదా అని అడిగాను. "ఆడేం సేసేడు? ఫొటో సూపించేడు. నిజం సూపిత్తే మొకం తిప్పుకున్నది నాను. నా మొకం సూడలేకే బావ ఊరొదిలేడు, నన్ను అసయ్యించుకుని" అన్నాడు.

నాకు దుఃఖమూ, కోపమూ రెండూ వచ్చాయి. ఆయనేమో నేనే చేశానని అక్కడ బెల్లం మానేసి, ఇతనేమో దేవుడు చేశాడని ఇక్కడ రొట్టె మానేసి! మధ్యలో రత్నం అడకత్తెరలో పోకచెక్క. ఇప్పుడు నేను కూడాను. ఒకరి మాట ఇంకొకరికి మోసేదాన్నా? రెఫరీ బంతి తన్నకూడదు. ఇద్దరినీ ఒక గ్రౌండులోకి తేవడం వరకే నా పని.

ప్రకాశంగారికి ఫోను చేశాను. "అన్నయ్యగారూ, రేపు విజిల్ నేనే వేస్తున్నాను. ఒక జట్టుకి గోలీ లేడు" అన్నాను. అది అబద్ధం. ఫోను పెట్టేశారు.

శనివారం ఆట

మర్నాడు చీర నడుముకి దోపి, బూట్లేసుకుని దిగాను. నాకు చేతులు కట్టలేదు. విజిల్ వేసేవాళ్లకి అక్కర్లేదట. డేనియేలు గట్టు మీద తన చోటులోనే కూర్చున్నాడు, ఇదే ఆఖరని. పొగ మళ్లీ మోకాళ్ల దాకా వచ్చింది. విజిల్ వేస్తే ఆ నిశ్శబ్దంలో నేనే ఉలిక్కిపడ్డాను.

ఆట సగంలో ఒక కుర్రాడు ఎగిరి గోలు కొట్టాడు. అందరూ ఆగారు. అతను వెళ్లి డేనియేలు ముందు నిలబడ్డాడు. అప్పుడు మొదలైంది, షెడ్డు వైపు నుంచి, గర్ర్... గర్ర్... మని. నిన్నటికంటే దగ్గరగా. పెరుగుతోంది. ఒకతను మోకాళ్ల మీద కూలబడ్డాడు. నాకు విజిల్ పళ్ల మధ్య టకటకలాడింది.

చెరకు పక్క నుంచి స్కూటరు బయటికి వచ్చింది. ప్రకాశంగారు. స్కూటరు ఆపారు. చప్పుడు ఆగింది. అది మొదటి నుంచీ స్కూటరేనా అంటే నేను ప్రమాణం చెయ్యను. ఆ ఊరు చూశాక అసలే చెయ్యను.

రత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రకాశంగారు నేల మీద తెగిపడి ఉన్న పురికొస తీసుకుని నా దగ్గరికి వచ్చి, వెనక్కి తిరిగి, చేతులు వెనక్కి పెట్టారు.

"కట్టు చెల్లెమ్మా."

కట్టాను. ముడి రెండుసార్లు వెయ్యాల్సి వచ్చింది. ఆయన పొగలో నడుచుకుంటూ వెళ్లి, గోలు కొట్టిన కుర్రాడి పక్కన, డేనియేలు ముందు నిలబడ్డారు. అంత పొడుగు మనిషీ తల వంచేసరికి ఇద్దరి మొహాలూ ఒక ఎత్తుకి వచ్చాయి.

డేనియేలు అడగలేదు. ఆయనే చెప్పారు.

"తగిలింది బావా. ఇంజను ఆడతన్నప్పుడు నీ మొకం ముందు పుస్తకం పెట్టింది నా సెయ్యి. దేవుడు కాదు. నాను."

డేనియేలు లేచి నిలబడ్డాడు. "నన్నెవరూ అడగలేదు బావా, ఇన్నేళ్లూ" అన్నాడు. "నువ్వడుగు."

ప్రకాశంగారు అడిగారు. "తగిలిందేటి?" అన్నారు.

"తగిలింది. పొట్టోడి సెయ్యే. నాను సూసేను. సూసే పెమాణం సేసేను."

"నువ్వు సూసేవని నాకు తెల్సు. తెలిసే బైబిలు తెప్పించేను" అన్నారు ప్రకాశంగారు. "నువ్వు ఆపేత్తావనుకున్నాను. సెయ్యి ముందుకెట్టేక కూడా, ఆపేత్తావనే అనుకున్నాను."

ఇద్దరూ ఏడ్చారు. ఒకాయన చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి, కన్నీళ్లు తుడుచుకోలేరు. రెండో అతను ఒక్క చేత్తో బావ మొహమే తుడిచాడు, తనది వదిలేసి. నేను గ్రౌండులో ఏడవకూడదని పెట్టుకున్న రూలు ఆ పూట పోయింది.

ఇంతలో పక్కన నిలబడ్డ కుర్రాడు, పాపం, నన్ను చూసి మెల్లిగా అన్నాడు: "టీచరమ్మా... నాదీ తగిలిందనుకుంటానమ్మా. భుజానికి."

ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత మైదానమంతా నవ్వింది. ఆ గడ్డ మీద నవ్వు వినడం ఇన్నేళ్లలో అదే మొదటిసారి అని రత్నం తర్వాత చెప్పింది. నేను విజిల్ వేసి ఆ గోలు చెల్లదన్నాను. ఆట అక్కడి నుంచి మళ్లీ మొదలైంది.

ఆదివారం

రైలు సాయంత్రానికి. పొద్దున్నే గుడికి వెళ్లాం. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, చాపల మీద. గుమ్మం దగ్గర డేనియేలు కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ముందు వరసలో ప్రకాశంగారు, ఆయన పక్కన, ఆయన భుజం దాకా వచ్చే తెల్లజుట్టు. రత్నం నా చెయ్యి పట్టుకుంది, నొప్పెట్టేంత గట్టిగా. అది కోరుకున్న చాప అదే.

ప్రభు భోజనం వచ్చింది. పాస్టరుగారు రొట్టె తుంచి ఒక్కొక్కరి కుడిచేతిలో పెడుతూ డేనియేలు ముందుకి వచ్చి ఆగారు. ఎడంచెయ్యి వస్తుందని చూశారు. మేమందరం చూశాం.

డేనియేలు ఖాళీ చొక్కా చేతినే ముందుకి చాపాడు. అలవాటుగా చాపాడో, కావాలని చాపాడో తెలియదు. ఇస్త్రీ చేసిన ఆ చొక్కా చెయ్యి గాల్లో కాసేపు నిలబడింది. ఆ నిలబడడం ఎలాగో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దాని చివర ఏమీ లేదు.

ప్రకాశంగారు తల తిప్పకుండా తన కుడి అరచేతిని తెచ్చి ఆ చొక్కా చెయ్యి చివర పెట్టారు. పాస్టరుగారు అందులో రొట్టె పెట్టారు. ఆ చెయ్యి మెల్లిగా డేనియేలు నోటి దాకా వెళ్లింది. డేనియేలు తిన్నాడు. ఆ చెయ్యి మళ్లీ చొక్కా చెయ్యి చివరకే వచ్చి ఉండిపోయింది.

పాస్టరుగారు ఇంకో ముక్క తుంచి ప్రకాశంగారి ముందుకి వచ్చారు. ఆయన ఎడంచెయ్యి చాపారు.